పుండు పడకముందే చేత్తో పట్టుకోవాలి

పడక పుండును గానీ, షుగరు ఉన్నవాళ్ళ పాదం మీద పుండును గానీ ఇంట్లోవాళ్ళు ఎక్కువగా ఎలా కనుక్కుంటారంటే, దుప్పటి మీద మరక చూసి, తడిసిన సాక్సు చూసి, లేదా వాసన వచ్చి. అప్పటికే చర్మం తెగిపోయి ఉంటుంది. లోపలి కండ అంతకు కొన్ని రోజుల ముందే చావడం మొదలుపెట్టి ఉంటుంది. ఇక మిగిలేవి డ్రెస్సింగులు, యాంటీబయాటిక్‌లు, నెలల తరబడి ఎదురుచూపు, కొందరికి వేలో కాలో తీసేయాల్సి రావడం.

ఇంతదాకా రానివ్వక్కర్లేదు. ఈ రెండు రకాల పుండ్లూ చర్మం చిట్లకముందే జాడ చూపిస్తాయి. పడక పుండైతే గంటలు, రోజులు ముందు; పాదమైతే ఒక్కోసారి వారాల ముందు. ఆ జాడ పట్టుకోవడానికి కావలసినవి మంచి వెలుతురు, చేతివేళ్ళు, ఒక క్రమం, రోజూ తప్పకుండా ఆ పని చేసే మనిషి. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఈ వ్యాసమంతా దాని కోసమే. జాడ కనబడిన గంటలోనే ఆ చోటు మీద నుంచి బరువు తీసేస్తేనే ముందుగా పట్టుకున్నట్టు. ఫైల్లో రాసి పెట్టి, రేపు డాక్టరుగారు వచ్చాక చూద్దామనుకుంటే, చూసీ చూడనట్టే.

నొప్పి లేదన్న ధైర్యం

ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో కూడా దొర్లుతూనే ఉంటాడు. ఒకే చోట బరువు పడితే అక్కడికి నెత్తురు తగ్గుతుంది, కాసేపటికి ఇబ్బందిగా ఉంటుంది, మెలకువ రాకుండానే ఒళ్ళు పక్కకు తిరుగుతుంది. చెప్పులో రాయి ఉంటే రెండో అడుగుకే ఆగిపోతాం. ఈ కాపలా పోయినవాళ్ళకే ఈ పుండ్లు వస్తాయి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు ఆ కబురు మెదడు దాకా చేరదు. తుంటి విరిగినవాళ్ళకు తెలిసినా తిరగడం చేతకాదు. మతిమరుపు ముదిరినవాళ్ళకు తెలిసినా చెప్పడం రాదు. ఏళ్ళ తరబడి షుగరు ఉండి పాదాల నరాలు పాడైనవాళ్ళు లేచి తిరుగుతూనే ఉంటారు, అడుగు కింద ఏం జరుగుతోందో మాత్రం తెలియదు.

అందుకే "నొప్పేమీ లేదంటున్నారండీ" అనే మాట విని ఊరుకోకూడదు. నరాలు పాడైన పాదంలో ఇంకో చిక్కుంది. రాత్రిళ్ళు మంటలు, పోట్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం బాగా ఉండొచ్చు. అదే పాదంలో మేకు దిగినా తెలియకపోవచ్చు. మంటలున్నాయి కాబట్టి స్పర్శ బాగానే ఉందనుకునేవాళ్ళు చాలామంది. ఆ రెంటికీ సంబంధం లేదు.

పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠురోగుల చేతులూ కాళ్ళూ చూస్తూ తేల్చిన విషయం ఇదే. వేళ్ళు రోగం వల్ల కుళ్ళి రాలిపోవడం లేదు, స్పర్శ లేకపోవడం వల్ల తెలియకుండా తగిలిన దెబ్బలతో పోతున్నాయి. తర్వాత అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో ఆయన ఇదే చూపును షుగరు పాదాలకూ వర్తింపజేశారు. పెద్ద దెబ్బ అక్కర్లేదు, ఓ మోస్తరు ఒత్తిడే ఒకే చోట వేల అడుగులు పడితే అక్కడ వాపు పుట్టి, వేడెక్కి, ఆ తర్వాత చర్మం తెగుతుంది. ఆ వేడిని చేత్తో పట్టుకోవచ్చన్నది ఆ అనుభవం నుంచి వచ్చిందే.

లోపల మొదలై పైకి వస్తుంది

పడక పుండు గురించి చాలామంది మనసులో ఉన్న బొమ్మ, చర్మం ఒరుసుకుపోయి క్రమంగా లోతుకు దిగడం. తీవ్రమైనవి చాలావరకు దీనికి తిరగేసి జరుగుతాయి. ఒత్తిడి ఎక్కువగా ఉండేది ఎముకను ఆనుకున్న కండలో. కండకు చర్మం కంటే ప్రాణవాయువు అవసరం ఎక్కువ, ఓర్పు తక్కువ. తలవైపు మంచం ఎత్తి పెట్టినప్పుడు మనిషి కిందికి జారుతుంటాడు; చర్మం దుప్పటికి అతుక్కుని ఉండిపోతుంది, ఎముక కిందికి పోతుంది. మధ్యలోని నెత్తుటి నాళాలు సాగి, మెలితిరిగి మూసుకుంటాయి. అప్పుడు చాలా తక్కువ బరువు కూడా చాలు.

కేశనాళికల్లో, అంటే అన్నిటికంటే సన్నని నెత్తుటి నాళాల్లో, ఒత్తిడి సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసమని లాండిస్ అనే పరిశోధకుడు 1930లో కొలిచాడు. ఆ అంకెను పట్టుకుని "32 దాటకపోతే ఫర్వాలేదు" అనే పరుపుల ప్రకటనలు ఇప్పటికీ కనబడతాయి. అది ఆరోగ్యవంతుల గోటి దగ్గర కొలిచిన అంకె, తుంటి దగ్గరి కండకు హద్దు కాదు. 1959లో కోసియాక్ అనే పరిశోధకుడు కుక్కల మీద చేసిన ప్రయోగాలు ఇంతకంటే పనికొచ్చే సంగతి చెప్పాయి: ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపట్లో చేసే నష్టాన్ని తక్కువ ఒత్తిడి ఎక్కువసేపట్లో చేస్తుంది. అంటే ఎంత బరువన్నది ఒక్కటే అడిగితే సరిపోదు, ఎంతసేపన్నది కూడా అడగాలి.

దీని నుంచి ఒక ముఖ్యమైన విషయం వస్తుంది. లోపలి కండ చచ్చిన జాడ చర్మం మీదకు ఊదా రంగుగానో, కమిలినట్టుగానో, నెత్తుటి బొబ్బగానో తేలడానికి 48 నుంచి 72 గంటలు పట్టవచ్చు. బుధవారం పొద్దున పిరుదుల మధ్య ఊదామచ్చ కనబడితే, మంగళవారం రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళను నిలదీయడం దండగ. ఆదివారం, సోమవారం ఏం జరిగిందో వెతకాలి. గంటల తరబడి ఆపరేషన్ బల్ల మీద ఉన్నారా, జారిపడి నేల మీదే చాలాసేపు పడి ఉన్నారా, గట్టి స్ట్రెచర్ మీద ఎంతసేపు ఎదురుచూశారు? అలాంటిది ఏదైనా జరిగిందని తెలిస్తే మచ్చ కోసం ఆగకూడదు. ఆ రోజు నుంచి మూడు రోజులు ప్రతి పూటా ఆ చోటు చూడాలి, దాని మీద పడుకోబెట్టకూడదు.

వేలితో నొక్కి చూడటం

మనిషిని పక్కకు తిప్పాక ఎముక పొడుచుకొచ్చిన చోట ఎర్రగా ఉంటే అన్నిసార్లూ ప్రమాదం కాదు. ఆగిన నెత్తురు ఒక్కసారిగా పారడం వల్ల కూడా ఎర్రబడుతుంది. తేడా ఇలా తెలుస్తుంది. ఎర్రటి చోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే నాళాలు పనిచేస్తున్నాయి. తెల్లబడకపోతే అది మొదటి దశ పుండే, చర్మం చెక్కుచెదరకపోయినా సరే. పారదర్శకమైన ప్లాస్టిక్ బిళ్ళతో నొక్కితే నొక్కుతుండగానే రంగు మారుతోందో లేదో కనబడుతుంది. తెల్లబడిన ఎరుపును కూడా వదిలేయకండి, బరువు పడకుండా ఉంచి 30 నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. అప్పటికీ పోకపోతే ఆ మనిషి ఒకే భంగిమలో ఉండగలిగిన సమయం మీరు ఇస్తున్నదానికంటే తక్కువని అర్థం.

ఇక అసలు సమస్య. ఈ పరీక్షంతా తెల్ల చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. నల్లని చర్మం మీదా, ముదురు చామనఛాయ మీదా ఎరుపు కనబడకపోవచ్చు, నొక్కితే తెల్లబడటం అసలే తెలియకపోవచ్చు. అక్కడ కనబడేది పక్క చర్మం కంటే కాస్త ముదురుగానో, ఊదాగానో, నీలంగానో, మెరుస్తున్నట్టుగానో ఉన్న మచ్చ. కాబట్టి ఇలాంటి చర్మానికి కన్ను రెండోది, చెయ్యి మొదటిది. తిప్పిన వెంటనే ముట్టుకుంటే పరుపు వేడే తగులుతుంది. అయిదు నిమిషాలు ఆగి, అరచేతి వెనకభాగం ఆనించి, చుట్టుపక్కల చర్మంతోనూ అవతలి వైపు అదే చోటుతోనూ పోల్చాలి. వేడిగా ఉందా, లేక చల్లబడిందా? తర్వాత వేళ్ళ కొసలతో తేలిగ్గా ఒత్తి చూడాలి. పక్కదానికంటే గట్టిపడి ఉందా, లేక నీళ్ళు చేరినట్టు మెత్తగా, జావగా తగులుతోందా? తడి దూదితో తుడిస్తే రంగు తేడా కాస్త స్పష్టమవుతుంది. పగటి వెలుతురు మేలు, లేదంటే టార్చి పక్క నుంచి పట్టాలి. ఫోను ఫ్లాష్ రంగులను చెరిపేస్తుంది, దాన్ని నమ్మవద్దు. మాట్లాడగలిగే మనిషైతే అక్కడ నొప్పిగా, దురదగా ఉందా అని అడగాలి. రంగు మారకముందే వాళ్ళకు తెలిసే సందర్భాలున్నాయి, మనం అడగం అంతే.

ఎక్కడెక్కడ? వెల్లకిలా పడుకుంటే తల వెనక, భుజం బద్దలు, మోచేతులు, నడుము కింది ఎముక, మడమలు. పక్కకు పడుకుంటే చెవి, తుంటి, మోకాళ్ళ లోపలి వైపు, చీలమండలు. కూర్చుంటే పిరుదుల కింది రెండు ఎముకలు. ఇక ఎవరూ చూడని చోట్లు గొట్టాల కింద ఉంటాయి: ఆక్సిజన్ గొట్టం ఆనే చెవుల పైభాగం, ముక్కు గొట్టం తగిలే రంధ్రం అంచు, మాస్కు నొక్కే ముక్కు దూలం, తొడ కింద నలిగే మూత్రం గొట్టం, బిగుతు మేజోళ్ళ పై అంచు, కట్టు అంచులు. గొట్టాన్ని రోజుకు కనీసం రెండుసార్లు ఎత్తి కింద చూడాలి. పసిపిల్లల్లో తల వెనకభాగం మొదట చూడాల్సిన చోటు, ఎందుకంటే వాళ్ళ ఒంట్లో బరువైనది అదే.

డైపర్ తడి వల్ల వచ్చే పుండును పడక పుండుగా పొరబడటం మామూలే. తడి పుండు ఎముక మీద కాకుండా మడతల్లో, చెల్లాచెదురుగా, పైపైన ఉంటుంది. హద్దులు స్పష్టంగా ఉండవు. పడక పుండు ఎముక మీద, ఒక హద్దుతో ఉంటుంది. చికిత్స వేరు కాబట్టి ఈ తేడా తెలియాలి. రెండూ ఒకేచోట ఉండటం కూడా ఉంది.

పడక పుండు పడే ముప్పు ఎంతుందో అంకెల్లో చూడటానికి ఆసుపత్రుల్లో బ్రాడెన్ స్కేలు అని ఒకటి వాడతారు. 1987లో వచ్చింది, ఆరు అంశాలు, మొత్తం 6 నుంచి 23; 18 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ముప్పు ఉన్నట్టు. మంచి సాధనమే. కానీ చాలాచోట్ల మొత్తం అంకె రాసి వదిలేస్తారు. 16 అంటే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. తడి అంశంలో 1 వచ్చిందా, కదలికలో వచ్చిందా, తిండిలో వచ్చిందా అన్నదాన్ని బట్టి చేయాల్సిన పని మారుతుంది. ఆ విడి అంకెలు చదవని స్కేలు వల్ల లాభం లేదు.

చర్మం కింద చేరే నీటిని కొలిచే చేతి యంత్రాలు కూడా వచ్చాయి. మడమ మీదా నడుము కిందా కొన్ని చోట్ల కొలిచి, హెచ్చుతక్కువల తేడా 0.6 గానీ ఆ పైన గానీ ఉంటే లోపల వాపు మొదలైందంటాయి. కంటికి కనబడటానికి సుమారు అయిదు రోజుల ముందు చెప్పగలవని పరిశీలనల్లో తేలింది. ముదురు రంగు చర్మానికి ఇది నిజంగా మేలు, ఎందుకంటే వాటికి రంగుతో పనిలేదు. ఉంటే వాడండి. లేదని చెయ్యి పెట్టి చూడటం మానకండి.

బరువు ఎలా తీయాలి

ఎరుపు కనబడిన చోటును రుద్దకూడదు. నెత్తురు పారుతుందని నూనె రాసి మర్దన చేసేవాళ్ళున్నారు. అప్పటికే దెబ్బతిన్న నాళాలు ఆ రాపిడికి ఇంకా చితుకుతాయి. నడి మధ్య కంత ఉన్న రింగు దిండు కూడా వద్దు, అది చుట్టూ నొక్కి మధ్యభాగానికి నెత్తురు ఆపేస్తుంది.

పక్కకు తిప్పేటప్పుడు పూర్తిగా 90 డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే నడుము ఎముకా, తుంటి ఎముకా రెండూ తేలతాయి. చెయ్యి కిందికి పోనిచ్చి నడుము ఎముక పరుపుకు తగలడం లేదని చూసుకోవాలి. తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తకుండా ఉంటే జారడం తగ్గుతుంది. అన్నం పెట్టడానికి, ఊపిరి కోసం ఎత్తాల్సివస్తే ముందు మోకాళ్ళ కింద ఎత్తుపెట్టి ఆ తర్వాత తల ఎత్తాలి. పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి ఈడ్వకుండా, కింద వేసిన దుప్పటితో ఇద్దరు ఎత్తి జరపాలి.

ఎన్ని గంటలకోసారి తిప్పాలన్నదానికి రెండు గంటలన్నది పాత లెక్క. 2013లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, మంచి దట్టమైన ఫోమ్ పరుపు మీద పడుకునే వృద్ధులను రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పినా పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని బద్ధకానికి సాకుగా వాడకూడదు గానీ, అందరికీ ఒకటే గడియారం పెట్టడం కూడా సరికాదు. చర్మాన్నే అడగాలి. రెండు గంటల తర్వాత ఎరుపు అరగంటలో పోతోందంటే ఆ సమయం చాలు. పోవడం లేదంటే గంటన్నరకు తగ్గించండి. రిజిస్టరులో రెండేసి గంటలకు టిక్కులుండి, చర్మం ఎలా ఉందో ఒక్క మాటా లేకపోతే ఆ రిజిస్టరు ఎవరినీ కాపాడదు.

చక్రాల కుర్చీలో ఉండేవాళ్ళు 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకు వంగి, ఛాతీ తొడల వైపు తెచ్చి, ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండాలి. చేతుల మీద లేచి రెండు సెకన్లు ఆగి కూలబడితే కండకు ప్రాణవాయువు తిరిగి చేరదు.

గాలిపరుపు వేశాం కదా అనుకుంటే, దాన్ని కూడా పరీక్షించాలి. మనిషి పడుకుని ఉండగా, నడుము కింద పరుపుకు అడుగున అరచేయి పైకి పెట్టి చెయ్యి దూర్చండి. చేతికీ మనిషికీ మధ్య కనీసం రెండున్నర సెంటీమీటర్ల మందం తగలాలి. ఎముక చేతికి తగిలితే పరుపు అడుగంటింది, గాలి చాలడం లేదు. పైన మూడు మడతల దుప్పటి, ప్లాస్టిక్ షీటు, రెండు డైపర్లు వేస్తే ఎంత మంచి పరుపైనా పని చేయదు.

మడమల సంగతి వేరు. ఏ పరుపూ మడమను పూర్తిగా కాపాడలేదు, దాన్ని గాల్లో ఉంచాల్సిందే. దిండును కాలి పొడవునా పిక్క కింద పెట్టి, మోకాలు కొద్దిగా వంగేలా ఉంచి, మడమ దిండు అంచు దాటి వేలాడేలా చూడాలి. దిండు అడ్డంగా చీలమండ దగ్గర పెడితే బరువంతా మడమ పైనున్న స్నాయువు (పిక్క కండను మడమకు కలిపే గట్టి తాడులాంటిది) మీద పడి అక్కడ పుండు పడుతుంది. మడమకూ పరుపుకూ మధ్య కాగితం అడ్డం లేకుండా జారాలి, అదే పరీక్ష.

పాదం దగ్గరికి

పాదాలు చూడటానికి మంచి సమయం రాత్రి, చెప్పులూ సాక్సులూ విప్పిన వెంటనే. ఆ రోజు ఏది ఒరిసిందో అప్పుడే కనబడుతుంది. లేత రంగు సాక్సులు వేసుకుంటే మరక దాగదు. అరికాలు కనబడకపోతే నేల మీద అద్దం పెట్టుకోవాలి. చూపు బాగా లేనివాళ్ళకు ఇంకొకరు చూడాలి, షుగరు కళ్ళను కూడా తింటుంది కాబట్టి ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, గోళ్ళ అంచులు, మడమ చుట్టూ చీలికలు, బొబ్బలు చూడాలి. ఆ తర్వాత బూట్లలో చెయ్యి పెట్టి లోపలంతా తడమాలి. రాయి, మడతపడ్డ అట్ట, ఊడిన కుట్టు ఉంటే చేతికి తెలుస్తుంది, పాదానికి తెలియదు.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది కాయ. అరికాలి ముందుభాగంలో, బొటనవేలి కింద చర్మం గట్టిపడితే అది రక్షణ అనుకుంటారు. నిజానికి అది లోపల ఇరుక్కున్న గులకరాయిలా పనిచేసి, తన కింది కండను ప్రతి అడుగుకూ నలుపుతుంది. కాయ మధ్యలో నల్లటి, ముదురు ఎర్రటి చుక్క కనబడితే కింద నెత్తురు చిమ్మింది, పుండు లోపల తయారవుతోందని అర్థం. కాయను పలచగా చెక్కిస్తే ఆ చోటి ఒత్తిడి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అది పాదాల పని తెలిసినవాళ్ళే చేయాలి. ఆనెకాయ పట్టీల్లో ఆమ్లం ఉంటుంది, స్పర్శ లేని పాదం మీద అదే పుండు చేస్తుంది. బ్లేడుతో సొంతంగా కోసుకోవద్దు.

స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే ఏ పరికరమూ లేకుండా చూడొచ్చు. ఇప్స్‌విచ్ స్పర్శ పరీక్ష అంటారు, 2011లో ప్రచురితమైంది. షుగరున్న మనిషి కళ్ళు మూసుకోవాలి. మీ చూపుడు వేలి కొసతో కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి నడిమివేలు, ఎడమ నడిమివేలు, ఈ వరుసలో ఒక్కోదాని కొసను ఒకటి రెండు సెకన్లు ఆనించాలి. నొక్కకూడదు, తట్టకూడదు, రుద్దకూడదు, ఒక్కోదానికి రెండో అవకాశం ఇవ్వకూడదు. తగిలినప్పుడు "కుడి", "ఎడమ" అని చెప్పమనాలి. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే రక్షణ స్పర్శ, అంటే దెబ్బ తగిలితే తెలిసే స్పర్శ, తగ్గినట్టే.

క్లినిక్కులో దీనికి 10 గ్రాముల మోనోఫిలమెంట్ వాడతారు, అంటే 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం. ముందు చేతి మీద తాకించి ఎలా ఉంటుందో చూపించాలి. తర్వాత రోగికి కనబడకుండా బొటనవేలి అడుగున, మొదటి, అయిదో వేళ్ళ మూలం దగ్గర, దారం వంగేంత వరకు నిట్టనిలువుగా తాకించి తీయాలి, మొత్తం రెండు సెకన్లు. ఒక్కో చోట రెండుసార్లు నిజంగా, ఒకసారి ఉత్తుత్తిగా. మూడింటిలో రెండు సరిగ్గా చెప్తే స్పర్శ ఉన్నట్టు. కాయ మీదా పుండు మీదా తాకించకూడదు. చాలాచోట్ల జరిగే తప్పేమిటంటే ఆ దారం ఏళ్ళ తరబడి అదే ఉంటుంది. వాడిన కొద్దీ దారం బలం తగ్గి 10 గ్రాముల కంటే తక్కువకే వంగిపోతుంది. 10–15 మందిని చూశాక ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి, 70–90 మంది తర్వాత మార్చేయాలి.

స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగున్నవాళ్ళకు ఏడాదికోసారి పరీక్ష చాలు. రెండింటిలో ఒకటి పోతే 6–12 నెలలకు. స్పర్శ, ప్రసరణ, పాదం ఆకారం, ఈ మూడింటిలో రెండు చెడితే 3–6 నెలలకు. స్పర్శ గానీ ప్రసరణ గానీ పోయి, దానితోపాటు ఇంతకుముందు పుండు పడి ఉన్నా, వేలు తీసేసి ఉన్నా, మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నా 1–3 నెలలకు.

వేడి చెప్పే సంగతి

ఒకసారి పుండు పడి మానినవాళ్ళకు, స్పర్శ లేనివాళ్ళకు రోజూ పాదాల వేడి చూడటం నేను గట్టిగా సిఫారసు చేసే పద్ధతి. చర్మం మీద వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కావాలి. నుదుటి జ్వరం చూసే వాటిలో చాలా పరికరాలు చదివిన అంకెను ఒంటి వేడిగా మార్చి చూపిస్తాయి. ఉపరితలం వేడి చూపే పద్ధతికి మార్చుకోవాలి, అది లేకపోతే పనికిరాదు. సాక్సులు తీసి అయిదు పది నిమిషాలు ఆగి, ప్రతి పాదం కింద అవే ఆరు చోట్ల, అదే దూరం నుంచి చూసి రాసుకోవాలి. చూడాల్సింది వేడి ఎంతన్నది కాదు, రెండు పాదాల మధ్య తేడా. ఉదాహరణకు ఎడమ బొటనవేలి మూలం దగ్గర 31.4, కుడివైపు అదే చోట 28.9 ఉంటే తేడా 2.5 డిగ్రీలు. 2.2 డిగ్రీల సెల్సియస్ దాటిన తేడా వరుసగా రెండు రోజులు వస్తే ఆ చోట కండ నలుగుతోంది.

2007లో వచ్చిన ఒక పరిశీలనలో 225 మందిని 18 నెలలు గమనిస్తే, ఇలా వేడి చూసుకున్నవాళ్ళలో 4.7 శాతం మందికి, మామూలు జాగ్రత్తలతో ఉన్నవాళ్ళలో 12.2 శాతం మందికి పుండ్లు పడ్డాయి. నిలబడితే వేడి చదివే చాపతో చేసిన ఇంకో పరిశీలన 2017లో వచ్చింది. 2.22 డిగ్రీల హద్దు పెడితే రాబోయే పుండ్లలో 97 శాతాన్ని సగటున 37 రోజుల ముందే పట్టింది. అయితే తప్పుడు హెచ్చరికలు కూడా సగానికి పైగా ఉన్నాయి.

2021లో నెదర్లాండ్స్‌లో జరిగిన డయాటెంప్ పరిశీలన ఫలితం మాత్రం నా వాదనకు అసలు ఆధారం. 304 మందిలో, ఇంట్లో వేడి కొలుచుకున్నంత మాత్రాన ఆ కొలిచిన చోట్ల మళ్ళీ పుండ్లు పడటం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వేడి కనబడినప్పుడు నడక తగ్గించినవాళ్ళలో తగ్గింది. థర్మామీటరు ఏ పుండునూ ఆపదు. అంకె చూసి ఆ రోజు నడక మానుకున్న మనిషి ఆపుతాడు. కాబట్టి థర్మామీటరు చేతికిచ్చే ముందే, తేడా వస్తే ఏం చెయ్యాలో కాగితం మీద రాసివ్వాలి: ఎన్ని అడుగులకు మించి నడవకూడదు, ఆ రోజు పనులు ఎవరు చేస్తారు, ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి, తేడా ఎంతకు దిగాక మళ్ళీ నడవొచ్చు. రోజు కూలి మీద బతికే మనిషికి "నడవకండి" అని చెప్పి పంపేయడం సలహా కాదు. బరువు మళ్ళించే బూటో, కట్టో ఏర్పాటు చేసి పంపాలి.

వేడి లెక్క తప్పే సందర్భాలున్నాయి. ఒక కాలికి నెత్తురు సరిగా పారకపోతే అది చల్లగా ఉండి, బాగున్న కాలు వేడిగా కనబడుతుంది. రెండు పాదాలూ ఒకేసారి నలుగుతుంటే తేడాయే రాదు. పాదం చల్లబడి, పాలిపోయి, వేలు నల్లబడుతుంటే వేడి సంగతి పక్కనపెట్టి రక్తప్రసరణ పరీక్షకు వెళ్ళాలి. షుగరులో నాళాల గోడలు సున్నం పట్టి గట్టిపడతాయి కాబట్టి చీలమండ దగ్గర తీసే రక్తపోటు తప్పుగా ఎక్కువ చూపించవచ్చు. కాలివేలి దగ్గర తీసే ఒత్తిడిని అడగండి.

పాదమంతా వాచి, ఎర్రబడి, అవతలి పాదం కంటే రెండు డిగ్రీలకు పైగా వేడిగా ఉండి, ఎక్కడా పుండు లేకపోతే షార్కో పాదమేమోనని (నరాలు పాడైన పాదంలో ఎముకలు, కీళ్ళు కూలిపోయే జబ్బు) అనుమానించాలి. నొప్పి లేకపోవచ్చు, ఉన్నా వాపుకు తగ్గంత ఉండదు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. ఇన్‌ఫెక్షన్ అనో, గౌట్ అనో మాత్రలిచ్చి నడవమంటే రెండు మూడు వారాల్లో ఎముకలు కూలి అరికాలు పడవ అడుగులా మారిపోతుంది, ఆ వంపు మీద జీవితాంతం పుండ్లు పడుతూనే ఉంటాయి. తేలేదాకా ఆ కాలి మీద బరువు మోపకూడదు.

ఎవరి పరిధిలోకీ రాని మడమ

షుగరున్న పెద్దాయన తుంటి విరిగి మంచాన పడ్డారనుకోండి. ఆయన మడమ పడక పుండ్లు చూసేవాళ్ళకు "షుగరు పాదం", పాదాల క్లినిక్కుకు "పడక పుండు". స్పర్శ లేదు, నెత్తురు అరకొరగా పారుతుంది, కదలిక లేదు, మూడు ముప్పులూ అక్కడే కలిశాయి. అయినా మంచం దగ్గర మోనోఫిలమెంటూ, నాడి పరీక్షా చేసేవాళ్ళుండరు. ఆసుపత్రిలో చేరిన రోజే రెండు సాక్సులూ విప్పి మడమలు చూసి, పాదాల నాడి పట్టి, ఇప్స్‌విచ్ పరీక్ష చేసి, ఆ గంట నుంచే మడమలు తేల్చి ఉంచాలి. చేయకపోతే బంధువులు అడగాలి, అడగడానికి మొహమాటపడవద్దు.

అదే రోజు డాక్టరుకు చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి: పాదం మీద ఎక్కడ చర్మం తెగినా, పుండు చుట్టూ ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటినా, చీము, వాసన, నల్లబడ్డ చర్మం కనబడినా, కారణం లేకుండా షుగరు అంకెలు పెరిగినా. షుగరున్నవాళ్ళలో లోతైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, దాని కోసం ఆగవద్దు. ఫోటో పంపేటప్పుడు పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో, ఒకటి దగ్గర నుంచి, ఒకటి పాదమంతా కనబడేలా తీయండి.

మానిన తర్వాత కూడా పని ఆగదు. షుగరు పాదం పుండు మానినవాళ్ళలో సుమారు 40 శాతం మందికి ఏడాది లోపలే మళ్ళీ పడుతుంది, అయిదేళ్ళకు 65 శాతం. మచ్చకట్టిన చర్మానికి మునుపటి బలం పూర్తిగా ఎప్పటికీ రాదు. పిరుదు కింది పుండు మానినవాళ్ళను మొదటి రోజు 15 నిమిషాలకు మించి కూర్చోబెట్టకూడదు. పడుకోబెట్టి, నొక్కి, తడిమి చూసి, అరగంటలో ఎరుపు పోతే తర్వాతిసారి ఇంకో 15 నిమిషాలు పెంచవచ్చు. పోకపోతే ఆ రోజుకు కూర్చోవడం ఆపి, ఎరుపు పూర్తిగా తగ్గాక, అంతకు ముందు చర్మం తట్టుకున్న నిడివి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.